పానగల్లు నుంచి శ్రీరంగాపూర్ దాకా: దక్షిణ తెలంగాణ చెరువుల అంచున ఒక ప్రయాణం

వానలు తగ్గి చెరువులు నిండుగా ఉన్న కాలంలో నల్లగొండ నుంచి వనపర్తి మీదుగా పాలమూరు దాకా సాగిన ఈ ప్రయాణంలో మేము ముఖ్యంగా చూడదలచుకున్నది నీరు నేలను కలిసే అంచును. చెరువు అందాన్ని కట్ట మీద నిలబడి చూసే అలవాటు మనకు బాగా ఉన్నది. చెరువు ఆరోగ్యం మాత్రం కట్టకు ఎదురుగా, నీరు పలచబడి తుంగ మొలిచే శిఖంలో తెలుస్తుంది. నాతో వచ్చిన మా మేనమామ చాలా ఏళ్లు చెరువు కింద వరి సేద్యం చేసినవారు కాబట్టి, ఏ ఊరికి వెళ్లినా ముందు తూము ఎక్కడ, అలుగు ఎటు పారుతుంది, శిఖం ఎంత మిగిలింది అని అడిగేవారు. ఆ మూడు ప్రశ్నలే మా ప్రయాణానికి కొలతలయ్యాయి.

శిఖం గురించి కొంత చెప్పాలి. చెరువు పూర్తిగా నిండినప్పుడు మునిగి, ఎండాకాలానికి తేలే భూమి అది. మోకాటి లోతు నీటిలో కొంగలు మేస్తాయి, కొత్త నీరు వచ్చినప్పుడు చేపలు గుడ్లు పెడతాయి, పొలాల నుంచి వచ్చే మట్టిని, మందుల అవశేషాలను తుంగ, జమ్ము కొంతవరకు ఆపుతాయి, నీరు తగ్గాక పశువులకు పచ్చిక దొరుకుతుంది. కొన్నిచోట్ల అది శిఖం పట్టాగా రైతుల పేరునే ఉంటుంది. నీరు తీసినప్పుడు పంట వేసుకోవచ్చు గాని, మట్టి పోసి ఎత్తు చేసే హక్కు ఎవరికీ లేదు. దేశంలో చిత్తడి నేలల పరిరక్షణకు 2017లో వచ్చిన నియమాలు తమ నిర్వచనం నుంచి సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన చెరువులను మినహాయించాయి. మన ప్రాంతంలో సహజ సరస్సులు అరుదు, ఉన్న చిత్తడి నేలల్లో అధికభాగం ఈ కట్టిన చెరువులే. అందువల్ల ఇక్కడ రక్షణ భారమంతా పూర్తి నీటిమట్టపు హద్దు మీద, దాని చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా మీద పడుతున్నది. భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లకు తగ్గని చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలి. హద్దురాయి కనిపించని చోట ఈ 30 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలో సామాన్యునికి తెలిసే మార్గం లేదు.

మొదటి మజిలీ పానగల్లు. నల్లగొండ బస్టాండు నుంచి ఆటోలో కొద్ది నిమిషాల దారి. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలంలో తవ్వించిన ఉదయ సముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, పురావస్తు ప్రదర్శనశాల అన్నీ ఒకదానికొకటి దగ్గరలోనే ఉండడం వల్ల పూట సరిపోతుందనిపిస్తుంది గాని, చెరువును కూడా చూడదలచినవారు రోజంతా కేటాయించుకోవడం మంచిది. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలోని లింగం వెనుక పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను అందరూ చూస్తారు. ఆ గుడి చుట్టూ ఉన్న పొలాలు శతాబ్దాలుగా ఈ చెరువు నీటితోనే పండాయన్న సంగతి మాత్రం ఎక్కడా రాసి పెట్టలేదు. ఇప్పుడు ఉదయ సముద్రం ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో సమతుల్య జలాశయం, అంటే కాలువ నీటిని నిలవ చేసి అవసరాన్ని బట్టి వదిలేది. నాగార్జునసాగర్ వెనుక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి కాలువ ద్వారా ఇక్కడికి తెస్తారు, పట్టణానికి తాగునీరు ఇక్కడి నుంచే వెళ్తుంది. బోరునీటిలో ఫ్లోరైడుతో తరాల తరబడి ఎముకలు వంగిపోయిన జిల్లాలో ఇది ఎంత పెద్ద మేలో చెప్పనక్కరలేదు. అయితే నీటిమట్టం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంచవలసి రావడం వల్ల, ఎండాకాలంలో తేలి పక్షులకు మేత ఇచ్చే బురద నేల ఇక్కడ తక్కువ. లోతు నీటిలో మునిగి వేటాడే నీటికాకులు, బుడబుంగలు బాగానే కనిపించాయి, ఒడ్డున నడిచి మేసే పిట్టలు పలచగా ఉన్నాయి.

నల్లగొండలో బసకు ఇబ్బంది లేదు. బస్టాండు పరిసరాల్లో అన్ని ధరల లాడ్జీలు ఉన్నాయి, తెల్లవారకముందే బయలుదేరతామంటే టీ దొరుకుతుంది. ప్రదర్శనశాలలో శిల్పాలను చక్కగా అమర్చారు, కాని చెరువు నిర్మాణాన్ని వివరించే ఒక పటం పెడితే వచ్చినవారికి రాళ్లకూ నీళ్లకూ ఉన్న సంబంధం అర్థమయ్యేది.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వనపర్తి చేరే దారి దూరమే అయినా రోడ్డు బాగుంది. దారిలో ఒక చిన్న పట్టణపు చెరువు దగ్గర ఆగాము. పేరు చెప్పను, ఎందుకంటే అటువంటివి ఎన్నో ఉన్నాయి. చుట్టూ నిలువునా కాంక్రీటు గోడ కట్టి, దాని మీద నడకదారి వేసి, రంగు దీపాలు, పడవలు పెట్టారు. సాయంత్రం జనం కుటుంబాలతో వచ్చి సంతోషంగా తిరుగుతున్నారు, ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కాని గోడ కట్టిన చోట శిఖం ఉండదు, నీరు ఒక్కసారిగా లోతవుతుంది. గోడ అవతల ఒక మూలన పట్టణపు మురుగు నేరుగా కలుస్తున్నది, ఆ మూలంతా గుర్రపుడెక్క కమ్ముకున్నది. నడకదారికి వెచ్చించిన దానిలో కొంత భాగమైనా ఆ మురుగుకాలువను మళ్లించడానికి ఖర్చు చేసి ఉంటే, నడిచే వారికి కూడా ఇప్పటి వాసన తప్పేది. మామ కాసేపు చూసి, “దీనికి కట్ట నాలుగు దిక్కులా వేసిన్రు, ఇగ నీళ్లు ఎటునుంచి రావాలె?” అన్నారు. వాగు నీరు చెరువులోకి దిగే వైపు కూడా గోడతో మూసివేయడం నిజంగానే ఆ చెరువుకు జరిగిన పెద్ద నష్టం.

వనపర్తిలో రెండు రాత్రులు ఉన్నాము. సంస్థానపు రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడుస్తున్న ఈ ఊరు చిన్నదే అయినా చెరువులు చూడవచ్చినవారికి అన్నిటికంటే అనువైనది. లాడ్జీ గదులు సాదాగా, శుభ్రంగా ఉన్నాయి. మెస్సులో జొన్నరొట్టె, పప్పు అడిగితే చేసి పెట్టారు. రోజంతటికీ ఆటో మాట్లాడుకుంటే డ్రైవరే మాకు దారిచూపేవాడు కూడా అయ్యాడు. సంస్థానాధీశులు తవ్వించిన పెద్ద చెరువులను ఇక్కడి పెద్దలు సప్త సముద్రాలని పిలుస్తారు. వాటిలో శంకర సముద్రం, రంగ సముద్రం ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో జలాశయాలుగా కృష్ణా నీటితో నిండుతున్నాయి.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు శ్రీరంగాపూర్. రంగనాయకస్వామి ఆలయం చెరువు ఒడ్డునే ఉండడం వల్ల దర్శనానికి వచ్చిన ప్రతివారూ తెలియకుండానే నీటి దగ్గరికి వస్తారు. మేము వెళ్లినప్పుడు గుడి వైపు నీరు నిండుగా ఉండి, అటు ఊరికి దూరంగా ఉన్న చివర పలచని నీటిలో నత్తగుల్ల కొంగలు గుంపుగా మేస్తున్నాయి, నామాల కోళ్లు తుంగలో దాగుతూ తేలుతూ ఉన్నాయి. వల సర్దుకుంటున్న ఒక మత్స్యకారుణ్ణి పలకరిస్తే, ఒడ్డున ఉన్న నల్లతుమ్మలను తమ సంఘం వారు కొట్టనివ్వరనీ, నీళ్లలో నిలిచిన ఆ చెట్ల మీదే కొంగలు గూళ్లు కడతాయనీ, కొంగల రెట్టతో నీటికి బలం వచ్చి చేప ఎదుగుతుందనీ వివరంగా చెప్పాడు. చెరువు నేలను ఎలా కాపాడుకోవాలో ఆయన మాటల్లో ఉన్నంత స్పష్టంగా నేను మరెక్కడా వినలేదు. కొట్టివేయవలసినది అసలు సర్కారు తుమ్మను. అది శిఖమంతా అల్లుకుంటే పచ్చిక మొలవదు, పశువు దూరదు. నల్లతుమ్మను ఉంచి సర్కారు తుమ్మను తీసే పని మనుషుల చేత చేయించాలి, రెండింటినీ ఒకే ఊపులో పెకలించే యంత్రానికి ఆ తేడా తెలియదు. పూడిక తీతలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైన తరువాత ఒండ్రుమట్టి పొలాలకు చేరి రైతులకు మేలు జరిగింది. అయితే చెరువు గర్భమంతా ఒకే లోతుకు తవ్వితే మేత నేల పోతుంది, కట్ట వైపు లోతుగా, శిఖం వైపు ఏటవాలుగా తవ్వితే నీరూ నిలుస్తుంది, పిట్టా నిలుస్తుంది.

ఆలయం దగ్గర సౌకర్యాల విషయానికి వస్తే తాగునీరు, నీడ ఉన్నాయి, బస లేదు. కొబ్బరిచిప్పలు, ప్లాస్టిక్ సంచులు మెట్ల వెంట నీటిలోకి చేరుతున్నాయి. పెద్ద బుట్ట ఒకటి, దానిని ఖాళీ చేసే మనిషి ఒకరు ఉంటే తీరే సమస్య ఇది.

మరునాడు సరళాసాగర్. కొత్తకోట నుంచి ఆత్మకూరు వెళ్లే వైపు, మదనాపురం మండలంలో, ఊకచెట్టు వాగు మీద వనపర్తి రాజా తన తల్లి పేరిట చేపట్టిన ఈ జలాశయానికి 1949లో పునాది పడి, 1959లో పని పూర్తయింది. ఇక్కడి విశేషం దాని సైఫన్లు. నీరు పూర్తి మట్టానికి చేరగానే వంపు గొట్టాల వంటి నిర్మాణాల్లోని గాలిని ప్రవాహమే లాగివేసి, మనిషి చేయి పడకుండా, గేటు ఎత్తకుండా నీరు దానంతట అదే దుముకుతుంది. మట్టం తగ్గి గాలి లోపలికి చొరబడగానే ఆగిపోతుంది. 2019 డిసెంబరు 31న మట్టికట్టకు గండి పడి నీరంతా దిగువకు పోయినప్పుడు ఈ ప్రాంతం ఎంత నష్టపోయిందో, ఒడ్డున పశువులు మేపుతున్న ఒక పెద్దాయన కళ్ల నీళ్లతో చెప్పారు. తరువాత కట్టను తిరిగి కట్టారు. కట్టను తనిఖీ చేసే నీరటి ఉద్యోగాలు ఊళ్లలో క్రమంగా పోవడాన్ని ఈ గండి పక్కన పెట్టి ఆలోచించాలని నాకు గట్టిగా అనిపించింది, ఎందుకంటే మట్టికట్టలో ఊట మొదలైన సంగతి రోజూ దాని మీద నడిచే మనిషికే ముందుగా తెలుస్తుంది.

సైఫన్లు దుముకుతున్న రోజుల్లో మదనాపురం దగ్గర వాగు రోడ్డు మీదికి వచ్చి రాకపోకలు నిలిచిపోతాయి, కాబట్టి భారీ వానల తరువాత వెళ్లేవారు ముందుగా విచారించుకోవాలి. కట్ట మీద దుకాణాలు లేవు, మంచినీళ్లు, తినుబండారాలు వెంట తీసుకువెళ్లాలి. దిగువన పాలమూరు పట్టణానికి తాగునీరిచ్చే జలాశయం రామన్‌పాడును కూడా అదే పూటలో చూసి రావచ్చు.

దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్‌లో ఎక్కువసేపు గడపలేకపోయాము. పెద్దవాగు మీద నిజాం కాలం చివర కట్టిన ఆ జలాశయానికి గుట్టల నడుమ పొడవైన సహజమైన ఒడ్డు మిగిలి ఉన్నది, పక్షుల కోసమే వచ్చేవారు అక్కడ ఉదయం పూట గడపడం మేలు.

కుటుంబంతో, పిల్లలతో వెళ్లేవారికి నల్లగొండలో బస చేసి పానగల్లు చూడమని చెబుతాను. చెరువును, దాని చుట్టూ ఉన్న నేలను అర్థం చేసుకోదలచినవారు వనపర్తిలో దిగి శ్రీరంగాపూర్‌కు ఒక పూర్తి రోజు ఇవ్వాలి. పడవ వాడు గాని, మత్స్యకారుడు గాని మీ వెంట వచ్చి చూపిస్తే అతని పూట కూలి తగ్గకుండా ఇవ్వండి. ఆ చెట్లూ ఆ శిఖమూ నిలవడం తమకు లాభమని సంఘానికి తెలిసేది అలాగే. వెళ్లిన ప్రతి చెరువు దగ్గరా హద్దురాళ్లు ఎక్కడున్నాయని పంచాయతీలో గాని మున్సిపాలిటీలో గాని అడగండి, అడిగేవారు పెరిగితే పాతేవారూ కదులుతారు. తిరుగు ప్రయాణానికి హైదరాబాదు బస్సులు వనపర్తి నుంచి తరచుగా ఉన్నాయి. రైలు కావాలనుకునేవారికి వనపర్తి రోడ్ స్టేషను మదనాపురంలోనే ఉన్నది కాబట్టి, సరళాసాగర్‌ను చివరి రోజుకు ఉంచుకుంటే దారి కలిసివస్తుంది.