నీటిరంగులు, స్టాంపులతో గ్రీటింగ్ కార్డులు: చాలాకాలం వాడాక తేలినవి

నీటిరంగుకి కాస్త గరుకు కాగితం నప్పుతుంది, స్టాంపుకి (ఇంకు అద్ది బొమ్మో అక్షరాలో అచ్చు వేసే ముద్రకి) నున్నటిది కావాలి. కార్డు చేయడంలో అసలు పేచీ ఇదే. కోల్డ్ ప్రెస్ అనే గరుకు కాగితం మీద రంగు అందంగా పరుచుకుంటుంది గానీ, స్టాంపు వేస్తే గుంటల్లోకి ఇంకు దిగక గీతలు తెగిపోతాయి. సన్నటి అక్షరాలైతే చదవడానికే రావు. అందుకే నా ఓటు 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉన్న నున్నటి హాట్ ప్రెస్ కాగితానికే, అదీ నూరు శాతం కాటన్‌కి. దాని మీద రంగు త్వరగా ఆరి అంచులు గట్టిపడతాయి కాబట్టి ముందు శుభ్రమైన నీళ్లు పల్చగా పూసి, ఆ తడి మెరుపు ఉండగానే రంగు వదలాలి. కోల్డ్ ప్రెస్సే ఇష్టమైతే స్టాంప్ ప్లాట్‌ఫామ్ (స్టాంపుని మళ్లీ మళ్లీ అదే చోట పడేలా పట్టి ఉంచే పరికరం) తప్పదు. కాగితం కదలకుండా అయస్కాంతం పెట్టి, అదే చోట రెండు మూడుసార్లు నొక్కితే అచ్చు నిండుగా పడుతుంది.

ఇంకు విషయంలో పొరపాటు పడితే పనంతా పాడవుతుంది. మెమెంటో లాంటి డై ఇంకు ఆల్కహాల్ మార్కర్లకి (స్పిరిట్ ఇంకు పెన్నులకి) బాగా పనికొస్తుంది, కానీ తడి కుంచె తగిలితే కరిగి పువ్వంతా బురదరంగులోకి మారుతుంది. రంగులు వేయబోయే బొమ్మకి, ఆరాక నీటికి చెదరని ఆర్కైవల్ ఇంకు గానీ వెర్సాఫైన్ క్లెయిర్ గానీ వాడండి. అవి కూడా పూర్తిగా ఆరాకే నీళ్లు తగలనివ్వాలి. తొందరుంటే హీట్ గన్‌తో (బాగా వేడిగాలి వదిలే పనిముట్టుతో) ఆరబెట్టండి. డిస్ట్రెస్ ఇంకు నీటికి కరిగేదే, దాని అందమూ అందులోనే ఉంది. ప్యాడ్‌ని ప్లాస్టిక్ షీటు మీద నొక్కి, రెండు చుక్కల నీళ్లు కలిపి కుంచెతో ఎత్తుకుంటే అదే నీటిరంగు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఎంబాసింగ్ (అచ్చు మీద పొడి చల్లి, కరిగించి, గీతల్ని ఉబ్బెత్తుగా తేవడం) చేసి, దాని మీద రంగు వేయడం. ముందుగా తడి లేని కాగితాన్ని, పొడి అనవసరమైన చోట అంటుకోకుండా, యాంటీ స్టాటిక్ పౌడర్ సంచితో తుడవాలి. వెర్సామార్క్ అనే జిగట ఇంకుతో అచ్చు వేసి, తెల్ల ఎంబాసింగ్ పొడి చల్లి, కాగితం వెనక తట్టాలి. అక్కడక్కడా మిగిలిన రేణువుల్ని సన్నటి పొడి కుంచెతో తీసేయాలి. హీట్ గన్‌ని విడిగా కొన్ని సెకన్లు వేడెక్కనిచ్చి, అప్పుడు కాగితం వైపు తిప్పండి. మెరుపు లేకుండా ఉన్న పొడి ఒక మూల నుంచి నిగనిగలాడుతూ కరగడం కంటికి కనిపిస్తుంది. మెరుపు రాగానే గన్ పక్కకి జరపాలి. ఇంకా కాల్చారా, పొడి కాగితంలోకి ఇంకి చుట్టూ నూనె మరకలా మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్ దీనికి పనికిరాదు: వేడి చాలదు, గాలికి పొడి ఎగిరిపోతుంది. కాగితం కాస్త చెమ్మగా ఉన్నా పొడి అంతటా అంటుకుంటుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు పడకూడని చోట పూసి తర్వాత లాగేసే ద్రవం) ఉన్న కాగితానికి మాత్రం వేడి చూపించకండి. అది గట్టిగా పట్టేసి, లాగితే కాగితం పొరతో సహా వస్తుంది.

కొత్త క్లియర్ స్టాంపు (పారదర్శకంగా ఉండేది) మీద ఇంకు చుక్కలు చుక్కలుగా నిలబడితే, పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దితే పట్టు వస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఎండ తగలకుండా దాచాలి. ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది కాబట్టి అక్షరాలకి క్లియర్ స్టాంపే సుఖం. సన్నగీతల బొమ్మలకి రబ్బరు స్టాంపే నమ్మకం.

ఇక కూర్పు. ఏ4 కాగితాన్ని సగానికి కోసి మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది, సీ6 కవర్లో సరిపోతుంది. బొమ్మ ముక్కని 95 × 138 కి కోస్తే చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. కాగితాన్ని రెండు వైపులా వంచి చూసి, సులువుగా వంగిన దిశలోనే మడత పెట్టండి. అడ్డంగా మడిస్తే గీత వెంట పగుళ్లు వస్తాయి. రంగు వేసిన ముక్క వంకర పోతే వెనకవైపు పల్చగా తడిపి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి. అతికించడానికి నీళ్ల జిగురు వద్దు, మళ్లీ వంకర తెస్తుంది. డబుల్ సైడ్ టేపు వాడండి. ఫోమ్ టేపు (స్పాంజిలా మందంగా ఉండే టేపు) అందంగానే ఉంటుంది గానీ, పోస్టులో పంపే కార్డుకైతే ఒక్క పొర మించకూడదు.