ఆఫీసుకి ఫోల్డింగ్ సైకిల్: పెద్ద చక్రాలదా, ఇరవై అంగుళాలదా?

ఫోల్డింగ్ సైకిల్ కావాలి, చిన్న చక్రాలది మాత్రం వద్దు, తొక్కితే మామూలు సైకిల్ లాగే ఉండాలి, పైగా జేబుకి భారం కాకూడదు. ఇలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కోరికలో తప్పేం లేదు. కాకపోతే ఫ్రేము మడతపడుతుంది కానీ చక్రం మడతపడదు. 26 అంగుళాల చక్రం టైరుతో కలిపి దాదాపు 66 సెంటీమీటర్లు, రోడ్డు సైకిళ్లకి వాడే 700సీ సైజు అయితే ఇంకాస్త ఎక్కువ. ఫ్రేముని ఎలా తిప్పి ఎలా మడిచినా సైకిల్ అంతకంటే పొట్టిగా అవ్వదు.

అంకెల్లో చెప్పాలంటే, పెద్ద చక్రాల ఫోల్డింగ్‌లో పేరున్న మాంటేగ్ సైకిల్ మడిస్తే సుమారు 91 × 71 × 30 సెంటీమీటర్లు. 20 అంగుళాల డాహన్ లాంటివి 80 × 65 × 35 దగ్గర ఉంటాయి. 16 అంగుళాల బ్రాంప్టన్ అయితే 58 × 57 × 27, అంటే మాంటేగ్ పట్టే చోటులో సగం కూడా పట్టదు, కానీ అది తక్కువ ధర మాట ఎత్తేవాళ్ల కోసం కాదు కాబట్టి పక్కన పెడదాం. మిగతా రెండింటికీ మధ్య తేడా అనుకున్నంత లేదు కదా అనిపిస్తుంది. అసలు తేడా కొలతల్లో కాదు, చేతుల్లో తెలుస్తుంది.

మాంటేగ్ పద్ధతిలో ముందు చక్రం ఊడదియ్యాలి, తర్వాత పై గొట్టం మీదున్న లివర్ తెరిచి, ఫ్రేముని సీటు గొట్టం చుట్టూ తిప్పాలి. అలవాటైతే అర నిమిషం పని. అయితే పని అయ్యాక మీ చేతిలో రెండు వస్తువులుంటాయి: మడిచిన సైకిల్ ఒకటి, విడి చక్రం ఒకటి. భుజాన బ్యాగు, వెనక తోసుకొచ్చే జనం, ఎదురుగా మెట్లు, అప్పుడు ఆ విడి చక్రాన్ని ఏం చేస్తారో ఒకసారి ఊహించుకోండి. వాన పడిన రోజైతే ఆ టైరుకున్న బురద ఎవరి ప్యాంటుకి అంటుతుందో చెప్పక్కర్లేదు. అదే 20 అంగుళాలదైతే మధ్యలో మడత, హ్యాండిల్ కిందికి, సీటు కిందికి, అంతే, మొత్తం ఒకే ముద్ద.

అందుకే రోజుకి ఎన్నిసార్లు మడుస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. రైలు, మెట్రో, మళ్లీ లిఫ్ట్, ఇలా ప్రతి మలుపులో మడిచి విప్పే పని ఉంటే 20 అంగుళాలదే తీసుకోండి, ఇందులో నాకు రెండో మాట లేదు. పైగా మడిచినా సరే ఎంత సైజు దాకా ఎక్కనిస్తారో చాలా రైళ్లలో రూలు ఉంటుంది, అది కొనేముందే చూసుకోవాలి. అలా కాకుండా పొద్దున కారు డిక్కీలోంచి తీసి, మిగతా దూరం తొక్కి, ఆఫీసులో ఓ మూల పెట్టేసేవాళ్లకి, లేదా ఇంట్లో చోటు లేక రాత్రికి మాత్రమే మడిచేవాళ్లకి, పెద్ద చక్రాలది బాగా కుదురుతుంది.

ఇక పెద్ద చక్రాల్లోనే తక్కువ ధరకి ఎక్కువగా కనపడేది ఇంకో రకం: 26 అంగుళాల చక్రాలు, ఫ్రేము మధ్యలో మడతబందు, ముందూ వెనకా సస్పెన్షన్. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. రోడ్డు మీద ఆఫీసుకి వెళ్లడానికి ఆ వెనక స్ప్రింగు దండగ, తొక్కే బలంలో కొంత అదే మింగేస్తుంది, బరువు 16, 17 కిలోలు దాటిపోతుంది. అంత బరువుదాన్ని మడిచి మాత్రం ఎక్కడికి మోస్తారు? అదే డబ్బుకి సస్పెన్షన్ లేనిది, ముందు ఫోర్కులో కూడా స్ప్రింగు లేనిది దొరికితే వెంటనే పట్టుకోండి. డాహన్ ఎస్ప్రెసో, డాహన్ జాక్, టెర్న్ జో లాంటి 26 అంగుళాలవి సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే, కొత్త చవక సైకిల్ కంటే నేను వాటివైపే చూస్తాను.

సెకండ్ హ్యాండైనా కొత్తదైనా మడతబందు చూడకుండా డబ్బులివ్వొద్దు. సైకిల్ విప్పి నిలబెట్టి, ఒక చేత్తో ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేలిని మడతబందు రెండు పలకలు కలిసే గీత మీద ఆనించి, సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. వేలికి టిక్కుమని కదలిక తెలిసిందంటే అక్కడ లూజుంది. కొన్నిసార్లు లివర్ నట్టు బిగిస్తే పోతుంది, లివర్ సగం మూసేసరికి చేతికి బిగువు తగిలేలా ఉండాలి. బిగించినా ఆ టిక్కు పోకపోతే పిన్ను అరిగిందన్నమాట, దండం పెట్టి వచ్చెయ్యండి. పక్కనున్న వెల్డింగు చుట్టూ రంగులో సన్నటి వెంట్రుకలాంటి గీత కనిపించినా అంతే. లివర్ దానంతటది తెరుచుకోకుండా రెండో లాకు ఉందో లేదో కూడా చూడండి. ఈ విషయంలో మాంటేగ్ పద్ధతికి మార్కులెక్కువ, ఎందుకంటే ఫ్రేముని మధ్యకి కోసి బందు పెట్టే పని అక్కడ లేదు.

చిన్న చక్రాలు నెమ్మదిగా వెళ్తాయన్న భయం మాత్రం వదిలెయ్యండి. చక్రం చిన్నదైనందుకు ముందు చైన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్ల చక్రం) పెద్దది పెడతారు, 52 పళ్లది మామూలే, దాంతో లెక్క సరిపోతుంది. తేడా గుంతల్లో తెలుస్తుంది. చిన్న చక్రం గుంతలో దిగబడి కుదుపుతుంది, పెద్దది దాటుకుపోతుంది. లావుపాటి టైరు వేసి గాలి కాస్త తగ్గిస్తే కొంత నయం, కొంతే. అలాగే పొడుగు మనుషులకి 20 అంగుళాల వాటిలో పొడవాటి హ్యాండిల్ కర్ర, సీటు కర్ర ఊగుతున్నట్టు అనిపిస్తాయి, చాలావరకు ఒకే సైజులో వస్తాయి కాబట్టి వేరే దారి లేదు. మాంటేగ్‌లో ఫ్రేము సైజులు దొరుకుతాయి. మీ రోడ్లు గతుకులమయం, మీరేమో ఆరడుగులు అయితే పెద్ద చక్రాలే సుఖం.

టైర్ల సంగతి చూస్తే 26 అంగుళాలవీ 700సీ టైర్లూ ఏ సైకిల్ షాపులోనైనా ఉంటాయి. 20 అంగుళాల్లో మాత్రం టైరు కూర్చునే రిమ్ముకి రెండు కొలతలున్నాయి, 406 మిల్లీమీటర్లది ఒకటి, 451ది ఒకటి. బీఎంఎక్స్ స్టంట్ సైకిళ్లకి వాడే 406 తేలిగ్గా దొరుకుతుంది, 451 కోసం తిరగాల్సి వస్తుంది. టైరు పక్కన ఆ అంకె రాసి ఉంటుంది, చూసి కొనండి.

అసలు ఫోల్డింగే అక్కర్లేని వాళ్లు కూడా ఫోల్డింగ్ కావాలనేవాళ్లలో చాలామంది ఉంటారని నా అనుమానం. కేవలం డిక్కీలో పెట్టడానికే అయితే, రెండు చక్రాలకీ క్విక్ రిలీజ్ (పానా లేకుండా లివర్‌తో చక్రం ఊడదీసే ఏర్పాటు) ఉన్న మామూలు సైకిల్ తీసుకోండి. చక్రాలు రెండూ తీసేస్తే మిగిలే ఫ్రేము వెనక సీటు వంచిన చాలా కార్లలో పట్టేస్తుంది, ధర తక్కువ, బరువు తక్కువ, మడతబందు టెన్షన్ లేదు. చక్రం తరచూ ఊడదీసే ఏ సైకిల్‌కైనా డిస్క్ బ్రేకులుంటే ఒక్క జాగ్రత్త: చక్రం బయట ఉన్నప్పుడు బ్రేకు నొక్కొద్దు, హైడ్రాలిక్‌వైతే, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసేవైతే, ప్యాడ్లు దగ్గరకొచ్చి మళ్లీ చక్రం దూరదు. ప్యాడ్ల మధ్యలో ఓ అట్టముక్క మడిచి పెడితే సరిపోతుంది.