వయొలిన్ తర్వాత ఫ్లూట్: ఏళ్ల సాధన తర్వాత నా సమీక్ష

వయొలిన్ వాయించేవాళ్లు రెండో వాద్యంగా ఫ్లూట్ నేర్చుకోవచ్చా అని తరచూ అడుగుతుంటారు. నిశ్చింతగా నేర్చుకోవచ్చు. కాకపోతే వయొలిన్ మీద వర్ణాలు (కృతులకు ముందు నేర్పే సాధన రచనలు) దాటి నాలుగు కృతులు స్థిరంగా వచ్చాకే మొదలుపెట్టండి. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుని, ఉద్యోగంలో కుదురుకున్నాక ఫ్లూట్ పట్టుకుని, ఏళ్ల తరబడి రెండూ సాధన చేస్తున్నాను కాబట్టి ఈ మాట అంటున్నాను. నేను చెప్పేది కర్ణాటక సంగీతంలో వాడే ఎనిమిది రంధ్రాల వెదురు ఫ్లూట్ గురించి. హిందుస్తానీ బాన్సురీకి సాధారణంగా ఆరు రంధ్రాలుంటాయి, వేళ్లు పెట్టే పద్ధతి కూడా వేరు. కొనేటప్పుడు ఈ తేడా చెప్పి అడగాలి.

వయొలిన్ నుంచి ఫ్లూట్‌కి బాగా పనికొచ్చేది చెవి. వయొలిన్‌కి వీణలా మెట్లు ఉండవు కాబట్టి ప్రతి స్వరాన్నీ చెవితోనే వెతుక్కోవడం మనకు అలవాటు. ఫ్లూట్‌కి రంధ్రాలున్నాయి కదా, వేలు ఎత్తితే స్వరం దానంతట అదే పలుకుతుందని చాలామంది అనుకుంటారు. పలకదు. వేళ్లన్నీ సరిగ్గానే ఉన్నా, ఫ్లూట్‌ని పెదవి వైపు కాస్త తిప్పితే స్వరం కిందికి జారుతుంది, బయటికి తిప్పితే పైకి పోతుంది. గట్టిగా ఊదినా పైకి పోతుంది. స్వరం తప్పిందని చెవి వెంటనే పట్టుకుంటే పెదవి సర్దుకోవడం నేర్చుకుంటుంది. ఆ చెవి ముందే ఉండటం వల్ల నాకు చాలా శ్రమ తప్పింది.

చేతివేళ్ల అలవాటు మాత్రం అడ్డం పడుతుంది. వయొలిన్‌లో వేలి కొనతో తీగను నొక్కుతాం. ఫ్లూట్‌లో వేలి మెత్తటి భాగం రంధ్రాన్ని కప్పాలి, నొక్కకూడదు. తీగల మీద గట్టిపడిన వేలికొనలతో కప్పితే ఎక్కడో సన్నగా గాలి పోతుంది, కింది స్వరాలు అసలే పలకవు. వేలు కొంచెం ముందుకు చాపి, బరువు వేయకుండా ఆనించడం అలవాటయ్యేదాకా మంద్ర స్థాయి జోలికి వెళ్లి లాభం లేదు.

ఊదడం పూర్తిగా కొత్త విద్య. ముఖరంధ్రం (ఊదే రంధ్రం) అవతలి అంచుకి గాలి తగిలి చీలితేనే నాదం పుడుతుంది. పెదవుల మధ్య సందు ఎంత సన్నగా ఉంటే గాలి అంత తక్కువ ఖర్చవుతుంది. మొదట్లో సగం గాలి బుస్సుమని వృథా అవుతుంది, కళ్లు తిరుగుతాయి. తిరిగినప్పుడు పంతానికి పోకుండా ఆపేసి కాసేపు కూర్చోవాలి. రోజూ కాసేపు ఒకే స్వరాన్ని నిలిపి ఊదడమే ఈ దశలో అసలు సాధన. పాటలు వాయించాలనే తొందర వయొలిన్ వచ్చినవాళ్లకే ఎక్కువ. ఎందుకంటే పాట అంతా బుర్రలో సిద్ధంగా ఉంటుంది, నోరే ఇంకా సిద్ధం కాలేదు.

ఇక స్వరస్థానాలు, అంటే సరిగమల్లో ఒక్కో స్వరం పలికే చోట్లు. శుద్ధ, చతుశ్శ్రుతి, అంతర, కాకలి అనేవి స్వరాల్లోని రకాల పేర్లు. పైనున్న మొదటి రెండు రంధ్రాలు మూస్తే షడ్జమం (స). ఒక వేలు ఎత్తితే చతుశ్శ్రుతి రిషభం (రి). అన్నీ తెరిస్తే అంతర గాంధారం (గ). అక్కడి దాకా హాయిగా ఉంటుంది. ఆ తర్వాత శుద్ధ మధ్యమానికి (మ), అన్నీ తెరిచి ఉన్న స్థితి నుంచి ఒక్కసారిగా ఆరు రంధ్రాలూ మూసి, ఊపిరిని సన్నబరిచి పై స్థాయిలో పలికించాలి. వేళ్లలో ఏ ఒక్కటి ఆలస్యమైనా గాంధారానికీ మధ్యమానికీ మధ్య ఒక పిచ్చి స్వరం చొరబడుతుంది. వయొలిన్ మీద పక్కపక్కనే ఉండే ఈ రెండు స్వరాల మధ్య దాటుడు నా సాధనలో అన్నింటికన్నా ఎక్కువ కాలం తినేసింది. గ-మ, మ-గ అని నిదానంగా, తాళం వేసుకుని, ఆరు వేళ్లూ ఒకే క్షణంలో దిగేలా చేసుకోవడం తప్ప దగ్గరి దారేమీ లేదు.

మనకు సరళీ స్వరాలు (మొట్టమొదటి పాఠాలు) మాయామాళవగౌళ రాగంలో చెబుతారు. గొంతుకీ వయొలిన్‌కీ అది చక్కటి ఆరంభం. ఫ్లూట్ మీద మాత్రం శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం మూడూ సగం రంధ్రం మూసి పలికించాల్సినవే. నిండు రంధ్రమే సరిగ్గా మూయడం రాని వేలికి సగం మూయడం పెద్ద పరీక్ష. మా మాస్టారు ముందు హరికాంభోజి రాగం స్వరాలతో మొదలుపెట్టించారు, ఎందుకంటే ఈ ఫ్లూట్ మీద రంధ్రాలు వరసగా తెరుస్తూ పోతే సహజంగా పలికేది ఆ స్వరాలే. తర్వాత మోహనం. మధ్యమ నిషాదాలు లేని ఐదు స్వరాల రాగం కావడంతో ఊపిరి మీదే మనసు పెట్టగలిగాను. మాయామాళవగౌళకి ఆ తర్వాతే వచ్చాం. మీ గురువుగారు వేరే క్రమం చెబితే అదే పాటించండి. కానీ వయొలిన్ మీద ఇట్టే వచ్చిన పాఠం ఇక్కడ రావట్లేదని టెన్షన్ పడకండి, కారణం వాద్యంలోనే ఉంది.

నన్ను ఈ వాద్యానికి కట్టిపడేసింది ఊపిరి. వయొలిన్‌లో కమాను అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, నాదం ఆగాల్సిన పనే లేదు. సాహిత్యం ఎక్కడ విరుగుతుందో తెలియకపోయినా కృతి మొత్తం లాగించేయవచ్చు. ఫ్లూట్‌లో అలా కుదరదు. ఎక్కడో ఒకచోట ఊపిరి పీల్చుకోవాలి, అది మాట మధ్యలో పడితే వినేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. అందుకని ప్రతి కృతికీ సాహిత్యం రాసుకుని, నోటితో పాడుకుని, అర్థం తెగని చోట చిన్న గీత పెట్టుకున్నాను. పదం మొదటి అక్షరం దగ్గర నాలుకతో సన్నగా తుత్తుకారం, మిగతాది ఒకే ఊపిరిలో. అలా చేశాక వయొలిన్ తీసుకుంటే నా కమాను మారిపోయింది. గీత పెట్టుకున్న చోటే కమాను మలుపు తీసుకుంటోంది, మిగతా చోట్ల అనవసరంగా తెగడం మానేసింది. ఏళ్లుగా వాయిస్తున్న కృతులు కూడా పాడినట్టు వినిపించడం మొదలైంది. ఒక్క ఈ లాభం కోసమైనా ఫ్లూట్ నేర్చుకోమని వయొలిన్ వాళ్లకి గట్టిగా చెబుతాను.

గమకాల (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) విషయంలో నాకు వయొలిన్ మీదే ఎక్కువ తృప్తి. జారు ఫ్లూట్ మీద కూడా అందంగా వస్తుంది, వేలిని ఒక్కసారిగా ఎత్తకుండా రంధ్రం మీద నుంచి మెల్లగా జరుపుతూ పోతే చాలు. తోడి రాగంలోని గాంధారం లాంటి చోట వయొలిన్‌లో ఒక్క వేలు చేసే పనికి ఇక్కడ వేళ్లూ పెదవీ ఊపిరీ కలిసి రావాలి. ఫ్లూట్ ఇంత పాడగలదని చూపించింది టి.ఆర్. మహాలింగం గారు (1926-1986). వేళ్ల పట్టు, ఊదే తీరు మార్చి గాత్రంలోని గమకాలను వెదురులోకి తెచ్చారు. ఆయన శిష్యులు ఎన్. రమణి గారి (1934-2015) నిండు నాదం నాకు ప్రాణం. వయొలిన్ విద్వాంసులు లాల్గుడి జయరామన్ గారు 1966లో వయొలిన్, వేణువు, వీణ కలిపి కచేరీలు మొదలుపెట్టారు. ఆ కూర్పులో రమణి గారి వేణువు వినండి. ఒకే సంగతిని (కృతిలో ఒక పంక్తిని మార్చి పాడే తీరును) కమాను ఒకలా, ఊపిరి ఒకలా పలకడం పక్కపక్కనే వినిపిస్తుంది. రెండు వాద్యాలూ నేర్చుకునేవాళ్లకు అంతకు మించిన పాఠం లేదు.

రోజువారీ ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. మాది విజయవాడ. మే నెలలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, ఫ్యాన్ కింద ఊదలేం. ముఖరంధ్రం మీదుగా పోయే గాలి మన ఊపిరిని చెదరగొట్టి నాదం విరిచేస్తుంది. తెల్లవారుజామున ఫ్యాన్ ఆపేసి సాధన చేసుకోవడమే నేను కనుక్కున్న మార్గం. ఎండ ప్రభావం శ్రుతి మీదా ఉంటుంది. వేడికి గాలిలో ధ్వని వేగం డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది, దాంతో ఫ్లూట్ శ్రుతి పైకి పోతుంది. అదే వేడికి వయొలిన్ తీగలు సడలి కిందికి దిగుతాయి. వయొలిన్‌ని బిరడాలు తిప్పి సరిచేసుకోవచ్చు, వెదురుని ఏం తిప్పుతాం? ముందు కాసేపు ఊది ఫ్లూట్‌ని వెచ్చబరిచి, ఆ తర్వాత శ్రుతి పెట్టెను దానికి తగ్గట్టు సర్దుకుంటాను.

ఖర్చు సంగతి. ఒక్క ఫ్లూట్‌తో అయిపోదు. వయొలిన్ ఒకటుంటే ఏ గాయకులతోనైనా శ్రుతి చేసుకుని కూర్చోవచ్చు. ఫ్లూట్‌కి శ్రుతి, అంటే షడ్జమం ఎత్తు, మార్చలేం కాబట్టి ఒకటో శ్రుతికి ఒక ఫ్లూట్, ఐదో శ్రుతికి ఇంకొకటి కావాలి. శ్రుతి తగ్గేకొద్దీ ఫ్లూట్ పొడవు, రంధ్రాల మధ్య దూరం పెరుగుతాయి. అందుకే మొదటిది ఐదు శ్రుతిలో, అంటే పాశ్చాత్య సంగీతంలోని జి స్వరానికి సరిపోయేది, తీసుకోమంటాను. వేళ్లు చాపాల్సిన అవసరం ఉండదు, గాలి కూడా తక్కువే పడుతుంది. పెద్దది కావాలనిపిస్తే తర్వాత కొనుక్కోవచ్చు.

కొనేముందు వాయించడం వచ్చినవాళ్లెవరి చేతనైనా ఊదించి చూడండి. మధ్య స్థాయి షడ్జమం, తార (పై) స్థాయి షడ్జమం రెండూ శ్రుతి పెట్టెతో కలవాలి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒకటి చూడటానికి ముచ్చటగా ఉండేది, దారం చుట్లు కూడా నీటుగా ఉండేవి. మధ్య స్థాయి అంతా కలిసేది, తార స్థాయికి వెళ్తే కిందికి దిగిపోయేది. ముఖరంధ్రానికీ మూసి ఉన్న కొసకీ మధ్య దూరం సరిగ్గా లేకపోతే అలా అవుతుందని మాస్టారు చూపించాకే అర్థమైంది. అలాంటి ఫ్లూట్ మీద సాధన చేస్తే మంచి చెవి కూడా చెడుతుంది. తిరునాళ్లలో అమ్మేవి పిల్లల సరదాకి బాగుంటాయి, సాధనకి వద్దు. మంచి వెదురు దొరికితే ఎండలో, కారులో, ఏసీ గాలికి ఎదురుగా వదిలేయకండి, పగులుతుంది. వాయించాక లోపల మెత్తటి గుడ్డతో తడి తుడిచి గుడ్డసంచిలో పెడితే ఏళ్లు వస్తుంది.

రెండు వాద్యాలకీ టైమ్ ఎక్కడిదంటే, నేను ఫ్లూట్ ముందు, వయొలిన్ తర్వాత పెట్టుకుంటాను. పరగడుపున ఊపిరి తేలిగ్గా ఆడుతుంది, పొట్ట నిండా తిన్నాక ఊదడం కష్టం. వయొలిన్ పరీక్షో కచేరీయో దగ్గర్లో ఉన్నవాళ్లు అది అయ్యేదాకా ఫ్లూట్ మొదలుపెట్టొద్దు. అలాంటి తొందరేదీ లేకపోతే మాత్రం ఒక మంచి గురువుని చూసుకుని, ఐదు శ్రుతి ఫ్లూట్ ఒకటి కొని, హరికాంభోజి స్వరాలతో మొదలుపెట్టి మోహనంలోకి వెళ్లండి.