వరంగల్ నుంచి మొతేరా దాకా: లక్షమంది మధ్య కోల్డ్‌ప్లే కచేరీ

2025 జనవరిలో బ్రిటన్‌కు చెందిన కోల్డ్‌ప్లే రాక్ బృందం మన దేశంలో అయిదు కచేరీలు చేసింది. 18, 19, 21 తేదీల్లో నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలోనూ, 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ మొతేరాలోని నరేంద్ర మోదీ స్టేడియంలోనూ అవి జరిగాయి. హనుమకొండ నుంచి నేనూ, మా తమ్ముడూ, ఇంజినీరింగ్ చదువుతున్న వాడి కూతురూ 25వ తేదీ కచేరీకి వెళ్లాం. దగ్గరున్న ముంబైని వదిలి అహ్మదాబాద్‌ను ఎందుకు ఎంచుకున్నారని తిరిగొచ్చాక చాలామంది అడిగారు. లక్షా ముప్పై రెండు వేల కుర్చీలున్న మైదానంలో టికెట్ దొరికే ఆశ ఎక్కువ. అంతకంటే పెద్ద కారణం నవజీవన్ ఎక్స్‌ప్రెస్. చెన్నైలో బయలుదేరే ఆ రైలును వరంగల్ స్టేషన్‌లో ఎక్కితే, ఎక్కడా మారే పని లేకుండా నేరుగా అహ్మదాబాద్‌లో దిగవచ్చు.

రైల్వే శాఖ 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించిన సంగతి తెలిసిందే. ఆ మార్పు మాకు కలిసొచ్చింది. అహ్మదాబాద్ కచేరీ టికెట్లు నవంబరు 16న అమ్మకానికి వచ్చాయి. అవి చేతికి వచ్చిన వారం తర్వాతగానీ మా ప్రయాణపు తేదీకి రిజర్వేషన్ తెరుచుకోలేదు కాబట్టి, మొదటి రోజే కూర్చుని మూడు బెర్తులు తీసుకోగలిగాం. విమానం సంగతి కూడా ఆలోచించకపోలేదు. వరంగల్ దగ్గరి మామునూరులో విమానాలు లేని స్థితిలో శంషాబాద్ చేరడానికే సగం పూట పోతుంది. పైగా ఆ వారాంతంలో అహ్మదాబాద్ విమానాల ధరలు మా ముగ్గురి కచేరీ టికెట్ల మొత్తాన్ని మించిపోయాయి. రైలులో దాదాపు ఒక పూర్తి రోజు గడపాలన్న మాట నిజమే గానీ, కచేరీకి ముందు రోజు సాయంత్రానికి చేరేలా చూసుకుంటే రాత్రి నిద్రపోయి మర్నాడు తాజాగా వెళ్లవచ్చు. కచేరీ రోజునే దిగే ఏర్పాటు మాత్రం ఎవరూ చేసుకోవద్దని నా మనవి.

ఈ రైలుకు మన జిల్లాలతో పాత బంధం ఉంది. సూరత్ మరమగ్గాల మీద పని వెతుక్కుంటూ ఉత్తర తెలంగాణ నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన చేనేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిని తిరిగి రప్పించాలన్న ఆలోచన కూడా 2017లో గీసుకొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేయడం వెనక ఉంది. సంక్రాంతికి ఊరొచ్చి తిరిగి సూరత్ వెళ్తున్న ఒక వృద్ధ దంపతులు మా ఎదుటి బెర్తుల్లో కూర్చున్నారు. వారి సంచిలోనూ సకినాలే, మా సంచిలోనూ సకినాలే. "ఏడికి పోతున్నవు బిడ్డా?" అని పెద్దాయన మా మేనకోడలిని అడిగితే, "అహ్మదాబాద్‌కు తాతా, పాటల కచేరీకి" అని చెప్పింది. "పాటలు ఇనెతందుకు గింత దూరమా! మంచిదే, పోవాలె. మేం ఇన్నేండ్ల సంది ఈ రైల్లనే పోతున్నం, మగ్గం సప్పుడు తప్ప ఒక్కటి ఇనలే" అన్నాడాయన. ప్యాంట్రీ భోజనం సాదాసీదాగా ఉంది. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు తెచ్చుకోవడం మంచిదయింది.

ఇక బస. కచేరీ తేదీలు ప్రకటించగానే అహ్మదాబాద్‌లో గదుల అద్దెలు కొండెక్కాయని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. స్టేడియానికి నడిచి వెళ్లగలిగిన దూరంలో ఒక హోటల్లో మేము మొదట గది తీసుకున్నాం. కొన్నాళ్లకు ఏదో సాంకేతిక కారణం చెప్పి ఆ హోటల్‌వారు మా బుకింగ్‌ను రద్దు చేశారు. ఆ సాయంత్రమే అదే గది మూడు రెట్ల అద్దెకు మళ్లీ కనిపించింది. డబ్బు తిరిగి వచ్చింది గానీ, ఇచ్చిన మాటను అంత తేలికగా వెనక్కి తీసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. తర్వాత నగరపు మెట్రో పటం ముందు పెట్టుకుని, ఉత్తర దక్షిణ మార్గంలో ఉన్న పాల్డీ ప్రాంతంలో ఒక చిన్న లాడ్జి వెతికాం. గదులు ఇరుకైనవే గానీ శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వేళకు వచ్చాయి, ఫోనులో చెప్పిన అద్దె పైసా పెరగలేదు. పాల్డీలో మెట్రో ఎక్కితే మారకుండా మొతేరా స్టేడియం స్టేషన్‌లో దిగవచ్చు. స్టేడియం పక్కన ఖరీదైన గది కంటే మెట్రో దారిలో సాధారణమైన గది వెయ్యి రెట్లు మేలని, కచేరీ ముగిసిన రాత్రి వాహనాలన్నీ రోడ్ల మీద కదలకుండా నిలిచిపోయినప్పుడు మాకు పూర్తిగా అర్థమైంది.

మేడారం జాతరకు వెళ్లివచ్చే మనకు జనసమూహం కొత్త కాదు. అయినా లక్షమందిని ఒకే సాయంత్రం ఒకే గోడల మధ్యకు చేర్చడం వేరే విద్య. మేడారంలో జనం నాలుగు రోజుల పాటు వస్తూ పోతూ ఉంటారు. ఇక్కడ అందరూ అయిదారు గంటల్లో వచ్చి, ఒక్కసారిగా వెళ్లిపోవాలి. టికెట్ మీద గేటు, స్టాండు, వరుస స్పష్టంగా ముద్రించి ఉండటం, గేటును బట్టి దారులు ముందే చీల్చి ఉంచడం వల్ల లోపలికి వెళ్లడం మేము భయపడినంత కష్టం కాలేదు. నీళ్ల సీసాలు, తినుబండారాలు, పెద్ద సంచులు అనుమతించరు కాబట్టి సకినాలు లాడ్జిలోనే ఉండిపోయాయి. లోపల తిండి దుకాణాల దగ్గర మాత్రం వరుసలు కదలలేదు, ధరలూ సామాన్యమైనవి కావు. మధుమేహం ఉన్నవారు, చిన్నపిల్లలతో వచ్చేవారు గేటు దాటే ముందే కడుపు నింపుకోవాలి. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. అందువల్లనేమో, అంత జనంలోనూ తూలేవారు, తోసేవారు నాకు కనబడలేదు. ఆడపిల్లను తీసుకెళ్లిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

అసలు విషయం ధ్వని. నాకూ తమ్ముడికీ వేదికకు ఎదురుగా, దూరంగా, పై అంతస్తులో కుర్చీలు దొరికాయి. మా మేనకోడలు తన స్నేహితురాళ్లతో కలిసి, మైదానంలో నిలబడి వినే టికెట్ విడిగా తీసుకుంది. ఒకే కచేరీని రెండు చోట్ల నుంచి విని, రాత్రి కూర్చుని పోల్చుకునే అవకాశం అలా కలిగింది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదిక నుంచి రెండు వందల మీటర్ల దూరంలో కూర్చున్నవారికి డ్రమ్ము దెబ్బ అర సెకను కంటే ఆలస్యంగా చేరుతుంది. పెద్ద తెర మీద కర్ర ముందు పడుతుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ఈ తేడా కారణంగా దూరపు శ్రోతల చెవికి రెండు చప్పుళ్లు విడివిడిగా తగలకుండా, మైదానం మధ్యలో స్తంభాల మీద అదనపు స్పీకర్లు నిలబెట్టి, వేదిక నుంచి వచ్చే ధ్వని అక్కడికి చేరే సమయానికే అవి పలికేలా కొంత ఆలస్యం కలుపుతారు. నేల మీద ఉన్నవారికి ఆ ఏర్పాటు అద్భుతంగా పనిచేసింది. గిటారు తీగ మీటిన కొస కూడా వినిపించిందని మా అమ్మాయి చెప్పింది.

పై అంతస్తులో పరిస్థితి వేరు. గిన్నె ఆకారంలో నిర్మించిన ఏ మైదానంలోనైనా ఎదుటి స్టాండుకు తగిలిన ధ్వని వెనక్కి వస్తుంది. అందువల్ల మంద్రస్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, పాటలోని మాటల అంచులు కరిగిపోయాయి. పాటలు ముందే తెలిసినవారికి ఇబ్బంది లేదు. కొత్తగా వినేవారికి మాత్రం సాహిత్యం సగమే అందుతుంది. మధ్యాహ్నం కుర్చీలు ఇంకా నిండకముందు ఈ మార్మోగడం మరీ ఎక్కువగా ఉంది. సాయంత్రం తొలి కళాకారుల్లో ఒకరైన గాయని ఎల్యానా పాడే వేళకు జనం నిండడంతో కొంత తగ్గింది, ఎందుకంటే మనుషుల శరీరాలూ బట్టలూ ధ్వనిని, ముఖ్యంగా పై స్వరాలను, పీల్చుకుంటాయి. మన వరంగల్ ఎన్ఐటీలో విద్యార్థుల ఉత్సవం స్ప్రింగ్ స్ప్రీ రాత్రి కచేరీలు ఆరుబయట వినడానికి అలవాటు పడిన చెవికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ వెనుక గోడ లేదు కాబట్టి ధ్వని స్వచ్ఛంగా వచ్చి అలాగే వెళ్లిపోతుంది. ఇక్కడ వెళ్లిన ధ్వని తిరిగి వస్తుంది.

అయితే కంటికి మాత్రం పై అంతస్తే గొప్ప చోటు. గేటు దగ్గర ప్రతి ఒక్కరి మణికట్టుకూ ఒక పట్టీ కట్టారు. మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేసిన ఆ పట్టీల్లోని చిన్న దీపాలు, కచేరీ నిర్వాహకులు పంపే సంకేతాలను బట్టి పాటకు అనుగుణంగా రంగులు మారుస్తాయి. లక్షమంది చేతులు ఒకే లయలో ఎర్రగా, నీలంగా, పసుపుగా వెలిగి ఆరుతుంటే, పైనుంచి చూసిన మాకు ఒళ్లు పులకరించింది. వేదిక కంటే ప్రేక్షకులే పెద్ద దృశ్యమయ్యారని మా తమ్ముడు అన్న మాట అక్షరాలా నిజం. కింద నిలబడిన మా అమ్మాయికి చుట్టుపక్కల చేతులు తప్ప ఈ మొత్తం చిత్రం కనబడలేదు. పట్టీలను ముగింపులో తిరిగి తీసుకుని మళ్లీ వాడతారు. గుర్తుగా దాచుకోవాలని కొందరు జేబులో వేసుకోవడం నాకు నచ్చలేదు. ఈ బృందం 2022లో కోస్టారికాలో ప్రారంభించిన ఈ ప్రపంచ పర్యటనలో, ప్రేక్షకుల గంతుల నుంచీ సైకిల్ తొక్కడం నుంచీ విద్యుత్తు పుట్టించే ఏర్పాట్లు చేసి, కాలుష్యం తగ్గించాలని మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. చేతి పట్టీ తిరిగి ఇవ్వడం ఆ ప్రయత్నంలో మన వంతు.

నిలబడే టికెట్ తీసుకోవాలా, కుర్చీ తీసుకోవాలా అని అడిగేవారికి నా అభిప్రాయం ఇది. ఇరవైల వయసులో ఉండి, మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా నిలబడగలిగితే నేలకు మించింది లేదు. నడుము, మోకాళ్లు సహకరించనివారు మాత్రం ఎదురుగా చివరన ఉన్న పై అంతస్తుకు బదులు, వేదికకు ఏటవాలుగా ఉన్న పక్క స్టాండులో కింది వరుసలు వెతుక్కోవాలి. వేదిక కొంత పక్కవాటుగా కనిపించినా, దూరం సగానికి తగ్గుతుంది, మాటలు తేటగా వినిపిస్తాయి. చెవుల్లో పెట్టుకునే మెత్తని బిరడాలు కూడా తీసుకెళ్లండి. స్పీకర్లకు దగ్గరగా నిలబడిన పిల్లలకు రెండు రోజుల పాటు చెవుల్లో గుయ్యిమన్న మోత వినిపించడం మంచి లక్షణం కాదు.

రాత్రి పది తర్వాత బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ల మీద 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఆంక్షలు పెట్టినందువల్ల, కచేరీ ఆ వేళకే ముగిసింది. ఆ తర్వాత లక్షమంది ఒకే వైపు కదిలారు. ఆ రెండు రోజులూ మెట్రోను అర్ధరాత్రి దాటేదాకా నడపడమే కాక, తిరుగు ప్రయాణానికి ప్రత్యేక కాగితపు టికెట్లు ముందే అమ్మారు. సాయంత్రం దిగగానే వాటిని కొనుక్కున్న మేము, రాత్రి కౌంటరు దగ్గర ఆగకుండా నేరుగా ప్లాట్‌ఫారం మీదకు వెళ్లాం. స్టేషన్ బయట వరుస పొడవుగానే ఉంది గానీ ఆగిపోకుండా నడిచింది. కార్లలో వచ్చిన మా అమ్మాయి స్నేహితురాళ్లు మాకంటే చాలా ఆలస్యంగా, బాగా అలసిపోయి గదులకు చేరారు.

26వ తేదీ ఉదయం నగరానికి ఉత్తరాన ఉన్న అడాలజ్ మెట్ల బావి చూశాం. పదిహేనో శతాబ్దం చివర్లో కట్టిన ఆ బావి మెట్లు దిగుతున్నంతసేపూ వరంగల్ శివనగర్‌లోని కాకతీయుల మెట్ల బావే మనసులో మెదిలింది. ఇక్కడి బావికి ఉన్నంత శుభ్రత, కాపలా, వివరాల పలకలు మన బావికీ ఉండాలని మేము ముగ్గురం గట్టిగా అనుకున్నాం. మధ్యాహ్నం తిన్న గుజరాతీ భోజనంలో పప్పు తియ్యగా ఉండటం మా తమ్ముడికి రుచించలేదు. నాకు మాత్రం రోట్లా అనే సజ్జ రొట్టె, వెన్న, పచ్చిమిర్చి చాలా నచ్చాయి.

ఆ సాయంత్రపు రెండో కచేరీని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో నేరుగా ప్రసారం చేశారు. లాడ్జి గదిలో ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి, ముందురోజు స్టేడియంలో విన్న పాటలను మళ్లీ విన్నాం. గణతంత్ర దినోత్సవం కావడంతో బృందం ప్రధాన గాయకుడు క్రిస్ మార్టిన్ వందేమాతరం పాడాడు, ప్రేక్షకుల్లో ఉన్న క్రికెటర్ బుమ్రాను తెర మీద చూపించారు. పై అంతస్తులో నాకు అందని మాటలన్నీ ఈ ప్రసారంలో తేటగా వినిపించాయి, గాయకుడి ముఖం మీది చెమట కూడా కనిపించింది. అయినా గుండె మీద తగిలే ఆ మంద్రస్వరం ఇందులో లేదు. పల్లవి కోసం లక్షమంది ఒక్కసారిగా గొంతు కలిపినప్పుడు పుట్టే బరువును మైకులు సగం కూడా పట్టుకోలేకపోయాయి. "అత్తమ్మా, మళ్లొకసారి వస్తే నువ్వు కూడా కిందికే రావాలె" అంది మా మేనకోడలు. పక్క స్టాండు కింది వరుసకైతే తప్పకుండా వస్తానని, టికెట్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటానని దానికి మాటిచ్చాను.