డి నుంచి సి దాకా ఊగే ముల్లు: పన్నెండు సీజన్ల తర్వాత 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ 383

రోడ్ రన్నర్ గురించి ఎవరు రాసినా హారన్‌తోనే మొదలుపెడతారు. బీప్ బీప్ అంటుంది, ముద్దుగానే ఉంటుంది, కాదనను. కారుకు రోడ్ రన్నర్ అనే కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కు 50 వేల డాలర్లు ఇచ్చారన్నదీ అందరూ చెప్పే ముచ్చటే. నాకు చెప్పాలనున్నది మాత్రం డాష్‌బోర్డులో డి అక్షరానికీ సి అక్షరానికీ మధ్య ఊగే చిన్న ముల్లు గురించి. అమ్మీటరు, అంటే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతోందా (సి, చార్జ్), దిగుతోందా (డి, డిశ్చార్జ్) చూపేది. పన్నెండు సీజన్ల వాడకం తర్వాత (మిషిగన్‌లో సీజనంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే, మంచుకు ఉప్పు చల్లిన రోడ్డు మీదికి ఈ బండిని దించడం పాపం) ఈ కారులో ఒళ్ళు మండించేది ఏదైనా ఉందంటే ఆ ముల్లూ, దాని వెనక తీగలూ.

ముందు మంచి చెప్పుకుందాం, త్వరగా అయిపోతుంది. 1968లో దీని ధర 2,896 డాలర్లు. ఆ ధరకు బెంచి సీటు, కార్పెట్ లేని రబ్బరు నేల, పక్క కిటికీల మధ్య స్తంభం ఉన్న బాడీ. డబ్బంతా బానెట్ కింద పోశారు. 383 (క్యూబిక్ అంగుళాల ఇంజను) బ్లాకు మీద పెద్దదైన 440 ఇంజను హెడ్లు, క్యామ్ పెట్టి 335 హార్స్‌పవర్ అన్నారు. కాగితం మీది అంకె కంటే 3,400 ఆర్‌పీఎం దగ్గర వచ్చే లాగుడే ఈ ఇంజను సొమ్ము. మూడో గేరులో గంటకు 30 మైళ్ళ మీద వెళ్తూ కాలు అదిమితే గేరు మార్చాలన్న ఆలోచనే రాదు. ‘ఆ రోజుల్లో కొత్తది కొనుక్కుని ఉంటేనా’ అని నిట్టూర్చేవాళ్ళందరి కలలో ఉండేది మాత్రం ఇంకా శక్తిమంతమైన హెమీ ఇంజను. అప్పట్లో దానికి అదనంగా 714 డాలర్లు. రెండు నాలుగు బ్యారెళ్ళ కార్బురేటర్లు సమంగా కుదరాలి, సాలిడ్ లిఫ్టర్లకు వాల్వు గ్యాపులు మళ్ళీ మళ్ళీ సరిచేయాలి. ఆదివారం పొద్దున తాళం తిప్పి బయటికెళ్ళి రావాలనుకునేవాళ్ళకు 383 చాలు.

ఎవరూ పెద్దగా చెప్పని మంచి ఇంకొకటి ఉంది. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. ముందు భాగం కుంగితే ఒక్కో వైపు ఒక్కో బోల్టు తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు. విప్పేదేమీ లేదు. తర్వాత అలైన్‌మెంట్ చూపించుకుంటే సరిపోతుంది.

ఇక ముల్లు సంగతి.

ఇప్పటి కార్లలో ఆల్టర్నేటరు (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించేది) నుంచి లావు తీగ బ్యాటరీకి వెళ్తుంది, డాష్‌బోర్డుకు కబురు మాత్రమే అందుతుంది. ఈ బండిలో అలా కాదు. ఆల్టర్నేటరు నుంచి నల్ల తీగ బయల్దేరుతుంది. డ్రైవరు వైపు ఫైర్‌వాల్‌లో (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడలో) ఉన్న ప్లాస్టిక్ కనెక్టరు గుండా లోపలికొచ్చి, అమ్మీటరు వెనక ఒక స్టడ్డుకు (మరల కడ్డీకి) తగులుతుంది. రెండో స్టడ్డు నుంచి ఎర్ర తీగ మళ్ళీ అదే కనెక్టరు గుండా బయటికెళ్ళి, ఫ్యూజిబుల్ లింకు (కరెంటు మితిమీరితే ముందుగా కరిగే తీగ ముక్క) దాటి, స్టార్టరు రిలే మీదుగా బ్యాటరీ చేరుతుంది. అంటే బ్యాటరీకి ఎక్కే ప్రతి ఆంపియరూ మీ మోకాళ్ళ ముందుకొచ్చి తిరిగి వెళ్తుందన్న మాట. దారిలో పావు అంగుళం వెడల్పున్న రేకు టెర్మినళ్ళు రెండు. వాటి వయసు ఇప్పుడు యాభై దాటింది.

టెర్మినలు మీద పచ్చటి చిలుము పడితే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి. వేడికి రేకును పట్టుకునే ఆడ టెర్మినలు బిగువు సడలుతుంది. బిగువు పోతే నిరోధం ఇంకా పెరుగుతుంది. లెక్క వేసి చూడండి: 0.05 ఓమ్ నిరోధం గుండా 30 ఆంపియర్లు పోతే 45 వాట్ల వేడి. పని బల్ల మీద వాడే సోల్డరింగ్ ఐరన్ 40 వాట్లు. దాన్ని ప్లగ్ పెట్టి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో గుచ్చి, బానెట్ మూసినట్టు.

ఇది ఒక్కసారిగా చెడదు. తొలి గుర్తు ముల్లు వణకడం. తర్వాత హెడ్‌లైట్లు ఇంజను వేగంతో పాటు మసకబారుతూ వెలుగుతూ ఉంటాయి. హీటరు ఫ్యాను వేస్తే లైట్లు ఇంకొంచెం కుంగుతాయి. ఆ తర్వాత చేపల కూరలా ఉండే వాసన. కాలుతున్న పాత ప్లాస్టిక్ వాసన అలాగే ఉంటుంది, ఒకసారి పసిగడితే మర్చిపోరు. నల్ల తీగ దారి తెగితే బండి బ్యాటరీ మీదే నడుస్తుంది, ముల్లు డి వైపే ఉండిపోతుంది, బ్యాటరీ ఉన్నంతసేపే ప్రయాణం. ఎర్ర తీగ దారి తెగితే బ్యాటరీకీ బండికీ సంబంధం తెగి ఆల్టర్నేటరు ఒంటరిగా లాగుతుంది. వోల్టేజీ ఎగిసిపడి బల్బులు మాడతాయి, ఇంజను ఆగితే మళ్ళీ తాళం పలకదు. అప్పుడు కనెక్టరును చేత్తో కదిలిస్తే లైట్లు వెలుగుతాయి. అలా వెలిగాయని సంతోషించి ఇంటిదాకా నడిపేయకండి, ఇక కరగడానికి మిగిలింది కొంచెమే.

పరీక్షకు మామూలు మల్టీమీటరు చాలు, కానీ ఓమ్‌ల మీద పెట్టొద్దు. 0.05 ఓమ్ దానికి ఆనదు. ఇంజను 1,500 ఆర్‌పీఎం మీద ఉంచి, హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను వేసి, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. ఎర్ర మొన ఆల్టర్నేటరు స్టడ్డు మీద, నల్ల మొన బ్యాటరీ పాజిటివ్ మీద. అర వోల్టు లోపు చూపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. వోల్టు దాటిందంటే దారిలో ఎక్కడో పొయ్యి వెలుగుతోంది.

బాగుచేయడంలో నూటికి తొంభై మంది చేసే తప్పు ఒకటుంది. ఆల్టర్నేటరు స్టడ్డు నుంచి స్టార్టరు రిలే స్టడ్డుకు 10 గేజి తీగ (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) ఒకటి నేరుగా వేసేసి, కనెక్టరు జోలికి పోరు. మొదటి రోజు అంతా బాగుంటుంది. కానీ ఆల్టర్నేటరు ఎంత ఇవ్వాలో చెప్పే వోల్టేజి రెగ్యులేటరు ఈ బండిలో బ్యాటరీని చూడదు, ఇగ్నిషన్ లైన్‌ను చూస్తుంది. ఆ లైన్‌కు కరెంటు వచ్చేది పాత దారిలోనే. పాత దారి చిలుము పట్టి ఉంటే రెగ్యులేటరుకు వోల్టేజీ తక్కువగా కనిపిస్తుంది, ఇంకా కావాలని ఆల్టర్నేటరును తరుముతుంది. కొత్త తీగ సాఫుగా ఉంది కాబట్టి ఆ ఎక్కువంతా తిన్నగా బ్యాటరీకే. బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటి, యాసిడ్ ఉడికి, ట్రే పెయింటు లేచిపోతుంది. అందుకే ముందు శుభ్రం, తర్వాతే కొత్త తీగ.

శుభ్రం చేసే ముందు బ్యాటరీ నెగెటివ్ తప్పక విప్పాలి. తాళం తీసినా అమ్మీటరు స్టడ్డుల్లో కరెంటు ఉంటుంది. స్పానరు జారి డాష్ ఇనుముకు తగిలితే ఆపేది ఆ ఫ్యూజిబుల్ లింకు ఒక్కటే. కనెక్టరు ప్లగ్గులను తీగలు పట్టుకుని లాగకూడదు. లాకు నాలుకను సన్నటి స్క్రూడ్రైవరుతో నొక్కి, ప్లగ్గు ఒంటిని పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి. ప్లాస్టిక్ అప్పడంలా ఉంటుంది కాబట్టి చలిరోజున ఈ పని పెట్టుకోవద్దు. రేకు గోధుమరంగు తిరిగితే తోమితే సరిపోతుంది. నీలంగా మారితే వేడికి బిగువు పోయినట్టే, టెర్మినలు మార్చాలి. తీగను మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసి, క్రింప్ చేసి (టెర్మినలును తీగ మీద నొక్కి బిగించి), ఆపైన సోల్డరు. క్రింప్ లేకుండా ఒట్టి సోల్డరు మీద ఆధారపడితే వేడెక్కినరోజు అదే కరిగి ఊడుతుంది. మళ్ళీ తొడిగే ముందు కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి. అమ్మీటరు స్టడ్డుల నట్లు కూడా బిగించాలి, కానీ లోపలి నట్టును వేరే స్పానరుతో పట్టుకోకుండా బిగిస్తే స్టడ్డే తిరిగి, ఇన్సులేషన్ వాషరు చిరుగుతుంది.

ఇదంతా అయ్యాక ఆ 10 గేజి తీగ వేయండి. దానికి 14 గేజి ఫ్యూజిబుల్ లింకు, తొమ్మిది అంగుళాలకు మించకుండా. లింకు ఎప్పుడూ అది కాపాడే తీగ కంటే నాలుగు గేజీలు సన్నగా ఉండాలి. లింకు బదులు మామూలు తీగ ముక్క పెడితే అది కరిగేలోపు బండి తీగలన్నీ మండుతాయి. హెడ్‌లైట్లకు రెండు రిలేలు, లోకు ఒకటి, హైకి ఒకటి. వాటికి కరెంటు ఆల్టర్నేటరు స్టడ్డు నుంచి తీసుకోవాలి, బ్యాటరీ నుంచి కాదు. అమ్మీటరు బండిలో బ్యాటరీ వైపు తగిలించిన, కరెంటు తాగే ప్రతిదీ చార్జింగ్ లాగే కనిపించి ముల్లు అబద్ధాలు చెబుతుంది. పక్క దారి వేశాక ముల్లు ఎలాగూ సగం కూడా కదలదు. అది ఇష్టం లేనివాళ్ళు రెండు తీగలనూ ఒకే బోల్టుకు కలిపి ఇన్సులేట్ చేసి, డాష్ కింద వోల్టుమీటరు పెట్టుకుంటారు. ఆగిన బండికి 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.4. అంతకంటే చదవాల్సిందేమీ ఉండదు.

ముల్లును చూసి భయపడే సమయాన్ని కూడా చాలామంది తప్పుగా ఎంచుకుంటారు. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గరి వుడ్‌వర్డ్ అవెన్యూలో డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు వరసలో మైళ్ళ కొద్దీ పాకుతున్నప్పుడు, చీకటి పడి లైట్లు వేయగానే ముల్లు డి వైపు వాలుతుంది. ఐడిల్‌లో పాత 37 ఆంపియర్ల ఆల్టర్నేటరు ఇచ్చేది ఇంతే, అది జబ్బు కాదు. వరస దాటి ఖాళీ రోడ్డెక్కాక ముల్లు సి వైపు దూకి అక్కడే కూర్చుంటే, అప్పుడు చూడాలి. ఖాళీ బ్యాటరీ ఆబగా తాగుతోంది, ఆ మొత్తం కనెక్టరు గుండానే పోతోంది. కాబట్టి బ్యాటరీ చచ్చిపోయినప్పుడు జంపర్ కేబుళ్ళతో లేపి నడుపుకుంటూ చార్జి చేద్దామనుకోవద్దు. ఈ తీగలకు అంతకు మించిన శిక్ష లేదు. రాత్రంతా చార్జరు మీద పెట్టి పొద్దున తీయండి.

కోపం ఇంత ఉన్నా ఒక మాట ఒప్పుకోవాలి. 37 ఆంపియర్లకు గీసిన దారిలో 37 ఆంపియర్లే పోతే, కొత్తలో దానికేమీ కాలేదు. ఎలక్ట్రిక్ ఫ్యాను, ఫ్యూయల్ ఇంజెక్షను, 100 ఆంపియర్ల ఆల్టర్నేటరు తెచ్చి బిగించేది మనం. అయితే పోలీసు, టాక్సీ బండ్ల భారీ ఆల్టర్నేటర్లకు ప్లగ్గుతో పని లేకుండా ఫైర్‌వాల్ గుండా నేరుగా తీగ లాగే పద్ధతి ఆ కంపెనీకే తెలుసు. రోడ్ రన్నర్‌కు టాక్సీ సీటు, టాక్సీ నేల ఇచ్చి ఆ తీగ మాత్రం ఇవ్వలేదే అనిపిస్తుంది.

383ను పైన పొగిడాను కదా, అందులో కొంచెం తగ్గించుకోండి. 10:1 కంప్రెషన్ కాబట్టి ప్రీమియం పెట్రోలు తప్పదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు వేడి ఇంజను ఆపాక కార్బురేటరులో ఉడికిపోతుంది. పది పదిహేను నిమిషాలకు తాళం తిప్పితే పలకదు, పెడల్ నేలకు అదిమిపట్టి తిప్పాలి, పంపు చేస్తే ఇంకా మునుగుతుంది. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కు జింకు ఎక్కువున్న ఆయిలే పోయాలి. తాళం తిప్పుతుంటే స్టార్టై, వదలగానే ఆగిపోతుంటే కార్బురేటరు విప్పకండి, ఫైర్‌వాల్ మీద ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టరు పోయింది. స్టార్టు పొజిషనులో దాన్ని తప్పించి కరెంటు వెళ్తుంది కాబట్టి అప్పుడు మాత్రమే పలుకుతుంది. గ్లవ్ బాక్సులో ఒకటి ఎప్పుడూ ఉండాలి. పంక్చరైతే గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి: ఎడమ చక్రాల నట్లు ఎడమ మరలు, విప్పడానికి కుడికి తిప్పాలి. టైరు షాపుల్లో కుర్రాళ్ళు ఇంపాక్టు గన్నుతో స్టడ్డులు విరిచేది అక్కడే. డ్రమ్ము బ్రేకులు ఒకసారి గట్టిగా ఆపుతాయి, వెంటనే రెండోసారి అడిగితే ఆలోచిస్తాయి.

మరి కొనాలా? ఇంటికి గ్యారేజీ ఉండి, రోజూ పనికెళ్ళడానికి వేరే బండి ఉండి, క్రింపింగ్ ప్లయరు పట్టుకోవడం వచ్చినవాళ్ళయితే నాకు అభ్యంతరం కనిపించదు. నా వాడకం సీజనుకు వెయ్యి మైళ్ళ లోపు, అందులో చీకటి ప్రయాణాలు తక్కువ, అందుకే ఇంకా ఉంచుకున్నాను. అపార్ట్‌మెంటు పార్కింగులో పెట్టి, చిన్నపిల్లలతో తిరగాలనుకుంటే లెక్క వేరు. వెనక చైల్డ్ సీటు తగిలించే కొక్కేలు లేవు, బ్యాటరీకి చార్జరు పెట్టే ప్లగ్గూ దొరకదు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు పెయింటు తర్వాత చూడండి. హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను వేసి ఇరవై నిమిషాలు నడపండి. ఆపి, బానెట్ ఎత్తి, ఫైర్‌వాల్ మీది ప్లగ్గు మీద వేళ్ళు ఆనించండి. గోరువెచ్చగా ఉంటే మాట్లాడొచ్చు. వేళ్ళు ఆగకపోతే కొత్త హార్నెస్ (తీగల కట్ట) ఖరీదు, అది వేసే కూలీ, రెండూ ధరలోంచి తీసేసి చెప్పండి. అమ్మేవాళ్ళు ‘ఇన్నేళ్ళూ ఏమీ కాలేదండీ’ అంటారు.