కీమో నడుస్తున్న ఇంటికి ఏ థర్మామీటర్ కొనాలి?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఎవరికైనా ఎక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) వస్తే కీమోకి ఏ విశాఖో వెళ్లాలి. డోసు అయ్యాక ఇంటికి పంపిస్తారు. అక్కడినుంచి కాపలా భార్యదో భర్తదో. ఆ కాపలాకి ముందు కావలసింది థర్మామీటరే. పెన్నులా ఉండే మామూలు డిజిటల్‌ది కొనండి. హిక్స్, ఓమ్రాన్, ఏ కంపెనీదైనా పర్వాలేదు. ఫారన్‌హీట్‌లో చూపించాలి, అంకెలు రాత్రిపూట చదవగలిగేలా ఉండాలి.

నుదుటి ముందు పట్టే గన్ వద్దు. చెమట, ఫ్యాను గాలి, ఎండలోంచి రావడం, అన్నీ దాని లెక్కని మార్చేస్తాయి. మే నెలలో 40 డిగ్రీల సెల్సియస్ దాటిన గదిలో పనిచేసేలా చాలా గన్‌లు తయారు కావు. కోరాపుట్ చలిలో చల్లబడ్డ నుదురైతే ఉన్న జ్వరాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. పాదరసం గాజుది అసలే వద్దు. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషి నోట్లో గాజు పగిలితే రక్తం ఆగదు.

అర డిగ్రీ తేడాకి ఇంత పట్టింపు ఎందుకంటే, కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. లుకేమియా కీమోలో ఇంకా ఎక్కువ రోజులు అలాగే ఉండొచ్చు. రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 1,800, వాటిలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలు) 20 శాతం అని ఉంటే, మనిషికి ఉన్న న్యూట్రోఫిల్స్ 360. 500 లోపంటే ప్రమాదం. పోరాడే కణాలే లేనప్పుడు చీము పట్టదు, వాపు సరిగా రాదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు.

వేడి టీ, చల్లనీళ్లు తాగితే అరగంట ఆగి చూడండి. మొన నాలుక కింద, పక్కకి, లోపలి మూలన పెట్టి, బీప్ వచ్చేదాకా పెదాలు మూసి ఉంచాలి. నోట్లో పుళ్లుంటే చంకలో పెట్టండి: చెమట తుడిచి, చెయ్యి ఒంటికి గట్టిగా ఆనించి, బీప్ వచ్చాక కూడా మొత్తం ఐదు నిమిషాలు. చంకలో అర నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది, అందుకే 99.5 దాటగానే ఫోన్ చేయండి. డాక్టరుకి ఉన్న అంకె చెప్పి, చంకలో చూశామని చెప్పండి, మీరే కలిపి చెప్పకండి. మలద్వారంలో ఎప్పుడూ పెట్టకూడదు. వాడిన ప్రతిసారీ మొనని స్పిరిట్ దూదితో తుడవాలి. బ్యాటరీ గుర్తు వెలిగితే ఆ రీడింగ్‌ని నమ్మకండి, కొత్త బ్యాటరీ వేసి మళ్లీ చూడండి.

నోట్లో 100.4 వస్తే అర్ధరాత్రి అయినా బయలుదేరాలి. ముందు పారాసెటమాల్ వేస్తే అంకె దిగుతుంది, ఇన్ఫెక్షన్ లోపల అలాగే ఉంటుంది. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకి జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చు, కాబట్టి వణుకు పుట్టినా, మనిషి మత్తుగా అయినా 98 చూసి ఆగకండి. మళ్లీ అడ్మిట్ చేస్తారేమోనని చాలామంది రోగులు "నాకేం లేదు, పడుకోనీ" అంటారు. మాట వినకండి, అంకె మీ కళ్లతో చూడండి.

విశాఖ చేరేదాకా ఆగే వ్యవధి ఉండదు. ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. అందుకని డిశ్చార్జి రోజే హెమటాలజిస్టుతో (రక్తం జబ్బుల డాక్టరు) ఒక చీటీ రాయించుకోండి: జబ్బు పేరు, చివరి కీమో తేదీ, ఫెబ్రైల్ న్యూట్రోపీనియా (న్యూట్రోఫిల్స్ పడిపోయినప్పుడు వచ్చే జ్వరం) అనుమానం, మొదటి డోసు ఏ మందు, ఎంత. థర్మామీటర్ డబ్బాలోనే అది ఉండాలి. దగ్గరి జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో అదే చూపించాలి. మన ప్రాంతంలో జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష చేస్తారు. చెయ్యనివ్వండి, అది కూడా ఉండొచ్చు. కానీ ఆ ఫలితం వచ్చేదాకా యాంటీబయాటిక్ ఆపకూడదని, చీటీ చూపించి, గట్టిగా అడగండి.