కీటకాల నోటి భాగాల స్లైడు పెట్టె: ముందు బొద్దింక స్లైడు తీసి చూడండి

బొద్దింక, తేనెటీగ, ఆడదోమ, ఈగ, సీతాకోకచిలుక. డిగ్రీ జువాలజీ ల్యాబుల్లో తరచూ కనిపించే ఐదు స్లైడుల పెట్టె ఇది. ఐదూ ఒక్కలా లేవు. బొద్దింక స్లైడు సరిగ్గా ఉంటే మిగతా నాలుగూ దాన్ని పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు, లేకపోతే పెట్టె కొన్నా దండగే.

ఆ స్లైడులో ఏడు ముక్కలుండాలి: లేబ్రమ్ (పై పెదవి) ఒకటి, మాండిబుల్స్ (దవడలు) రెండు, మాక్సిల్లాలు (వాటి వెనకుండే సహాయక దవడలు) రెండు, లేబియమ్ (కింది పెదవి) ఒకటి, హైపోఫారింక్స్ ఒకటి. ఇందులో ఆరే ఉన్నాయి. నాలుకలాంటి హైపోఫారింక్స్ విడదీసేటప్పుడు లేబియమ్‌కి అంటుకుపోతుంది, తొందరగా చేసేవాళ్ల చేతిలో మాయమయ్యేది అదే. మాండిబుల్స్ మాత్రం చక్కగా వచ్చాయి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో తల తక్కువసేపు ఉడికితే అవి నల్లగా ఉండిపోతాయి, ఎక్కువసేపు ఉడికితే పళ్ల అంచులు కూడా కనబడనంత పాలిపోతాయి. ఇక్కడ తేనె రంగులో, ఎడమ కుడి పళ్ల తేడా తెలిసేలా ఉన్నాయి. మైక్రోస్కోపులో 4ఎక్స్ కటకం దాటొద్దు. స్లైడు మందంగా ఉంది, 40ఎక్స్ కటకం కవర్‌గ్లాసుకి తగులుతుంది.

అసలు చూడాల్సింది లేబియమ్‌ని. మాక్సిల్లాలో లేసినియా (లోపలి తమ్మె), గేలియా (బయటి తమ్మె) ఉన్నట్టే దీనికి రెండువైపులా గ్లోసా (లోపలిది), పారాగ్లోసా (బయటిది) ఉంటాయి. పాల్ప్ (తడిమి చూసే కణుపుల కాడ) కూడా ఉంది, కాకపోతే మాక్సిల్లాలో ఐదు కణుపులు, ఇక్కడ మూడు. అంటే ఇది రెండో జత మాక్సిల్లాలు మధ్యలో అతుక్కుని అయిన పెదవి. నమ్మకం కుదరకపోతే రొయ్య ఉపాంగాలు (కాళ్లు, దవడలు, మీసాల్లాంటి జత అవయవాలు) పక్కన పెట్టండి, దానిలో ఆ జత ఇంకా విడివిడిగానే ఉంది. రొయ్యకి రెండు జతల యాంటెన్నాలు (మీసాలు) అయితే బొద్దింకకి ఒకటే జత. రెండోది ఉండాల్సిన ఖండితం (శరీరం విభజన అయిన ముక్కల్లో ఒకటి) కీటకం తలలో ఉంది గానీ దానికి ఉపాంగాల్లేవు, అందుకే ఏ స్లైడులోనూ దొరకదు.

పెట్టెతో ఇచ్చిన చిన్న పుస్తకం ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది. సాలీడు, తేలు లాంటివాటిలో యాంటెన్నాల ఖండితమే పోయిందని రాశారు. అది పాత మాట. 1998లో సాలీడు, మైట్ (సాలీడు బంధువైన చిన్న జీవి) పిండాల్లో హాక్స్ జన్యువులు (ఏ ఖండితం ఏదవ్వాలో నిర్ణయించేవి) ఎక్కడ పనిచేస్తున్నాయో చూశాక తేలింది వేరు: ఖండితం ఉంది, మొదటి యాంటెన్నాల చోటే కెలిసెరాలు (సాలీడు కోరలున్న నోటి ఉపాంగాలు) ఉన్నాయి. వెల్వెట్ వర్మ్‌లో (ఈ జీవులకు దూరపు బంధువైన, పురుగులాంటి మెత్తటి జీవి) అదే చోట దవడలుంటాయి, దాని యాంటెన్నాలు ఇంకా ముందున్న ఖండితానివి. పేరు ఒకటే అయినా అవీ బొద్దింకవీ ఒకటి కావు. (ఆ జీవి మన దేశంలోనూ ఉంది, 1911లో ఇప్పటి అరుణాచల్‌లోని సియాంగ్ లోయలో దొరికింది.) లేబ్రమ్ ఏ ఖండితానిదన్న తగువు ఇంకా తెగలేదు, పుస్తకం దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. సాలీడు కెలిసెరా స్లైడు ఒకటి ఈ పెట్టెలో చేర్చి ఉంటే బాగుండేది.

ఆడదోమ స్లైడు పెట్టెలో మంచిది. తొడుగులాంటి లేబియమ్ నుంచి ఆరు సూదులూ విడిపోయి కనిపిస్తాయి: లేబ్రమ్, హైపోఫారింక్స్, రెండేసి మాండిబుల్స్, మాక్సిల్లాలు. బొద్దింకలో లేని హైపోఫారింక్స్ ఇక్కడైనా దొరికింది. కొనేటప్పుడు యాంటెన్నాలు చూడండి, కుచ్చుల్లా ఒత్తుగా ఉంటే అది మగదోమ. తేనెటీగ ఫరవాలేదు. సీతాకోకచిలుక తొండం చుట్ట విప్పకుండానే పెట్టారు, రెండు గేలియాలు కలిసి గొట్టమైన సంగతి దాన్ని చూస్తే తెలియదు.

ఈగ స్లైడు పాలలా తెల్లబారింది. ఆల్కహాల్‌తో నీరు పూర్తిగా లాగకుండానే జైలీన్‌లో (నమూనాను పారదర్శకం చేసే ద్రావణి) వేసిన గుర్తు. పారేయక్కర్లేదు. మౌంట్ చేసింది డీపీఎక్స్‌తో (కవర్‌గ్లాసును అతికించే జిగురు) అయితే, మూత ఉన్న జాడీలో జైలీన్ పోసి స్లైడు ముంచి, కవర్‌గ్లాసు దానంతటదే జారేదాకా ఆగండి. ఒక రోజు పట్టొచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. లాగితే మెత్తటి లేబెల్లా (ఈగ తొండం కొసనున్న మెత్త) చిరుగుతుంది. తర్వాత శుద్ధ ఆల్కహాల్‌లో రెండుసార్లు, మళ్లీ జైలీన్, ఆపైన కొత్త డీపీఎక్స్ చుక్క. కిటికీలు తెరిచి చేయండి.